మేత బస్తా ధర కాదు, కిలో రొయ్యకి పడిన మేత ధర చూడండి



చెరువు గట్టు మీద తీసిన పై వీడియోలో చెక్ ట్రే ఎలా లేపాలో, మేత ఎలా కలుపుతామో చూపించాను. లెక్కలు మాత్రం వీడియోలో వింటే గుర్తుండవు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా. పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకుని చదవండి. నా అంకెలు కొట్టేసి మీ చెరువు అంకెలు వేసుకోండి.

ముందే ఒక మాట చెప్పేస్తా. నేను చదివింది అగ్రికల్చర్ డిప్లొమా, ఫిషరీస్ కాదు. చేపల చెరువులు చేస్తాం, వనామి కూడా చేస్తాం. తవుడు, చెక్క కలిపి చుట్టుపక్కల చేపల రైతులకి మేత తయారు చేసి ఇచ్చే చిన్న యూనిట్ కూడా ఉంది. అంటే మేత ఎక్కువ అమ్ముడుపోతే నాకే లాభం. అయినా ఈ వ్యాసంలో చెప్పేదంతా మేత తక్కువ వాడండి అనే. ఎందుకంటే రైతు నిలబడకపోతే నా యూనిట్ కూడా నిలబడదు.

కైకలూరు, ఆకివీడు, భీమవరం, ఎక్కడ ఏ ఆక్వా రైతుని కదిలించినా ఒకటే మాట: "మేత రేటు తగ్గితేగానీ గిట్టదండీ." మాట అబద్ధం కాదు. రొయ్యల చెరువు ఖర్చులో సగం, ఒక్కోసారి సగానికి పైన మేతకే పోతుంది. 2021లో సోయా చెక్క రేటు ఎంత పెరిగిందంటే, కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. సోయా, చేప పొడి రేటు పెరిగినప్పుడు మేత రేటు వెంటనే పెరుగుతుంది. తగ్గేటప్పుడు మాత్రం అంత తొందర కనపడదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు రొయ్య రేటు పడింది, బస్తా రేటు రైతు గుండెల మీద అలాగే ఉంది. ఆక్వాలో కూడా క్రాప్ హాలిడే అనే మాట వింటున్నాం.

కాబట్టి రేటు తగ్గించమని అడగడం న్యాయమే, అడగాల్సిందే. కానీ నా అభిప్రాయం సూటిగా చెప్తా. మేత ఖర్చులో మనం బయట వాళ్లని అడిగి తగ్గించుకోగలిగింది చిన్న వాటా. మన గట్టు మీద, మన చేతుల్లో ఉన్నది పెద్ద వాటా. ఆ పెద్ద వాటా గురించి మనం మాట్లాడుకోవడం మానేశాం.

ముందు ఈ ఒక్క లెక్క

కిలో వనామి మేత 90 రూపాయలు అనుకుందాం. కిలో రొయ్య రావడానికి ఎన్ని కిలోల మేత పడిందో అదే ఎఫ్‌సీఆర్. మొత్తం వేసిన మేతని మొత్తం పట్టిన రొయ్యతో భాగిస్తే వచ్చేస్తుంది.

ఎఫ్‌సీఆర్ 1.6 వచ్చిందనుకోండి. 90ని 1.6తో గుణిస్తే 144. అంటే కిలో రొయ్యకి మేత ఖర్చు 144 రూపాయలు.

ఇప్పుడు కంపెనీలు దయతలచి కిలోకి 4 రూపాయలు తగ్గించాయి అనుకుందాం. 86ని 1.6తో గుణిస్తే 137 రూపాయల 60 పైసలు. కిలో రొయ్యకి మిగిలింది 6 రూపాయల 40 పైసలు.

రేటు పైసా తగ్గలేదు, కానీ మీరు ఎఫ్‌సీఆర్‌ని 1.6 నుంచి 1.3కి తెచ్చారు అనుకుందాం. 90ని 1.3తో గుణిస్తే 117. కిలో రొయ్యకి మిగిలింది 27 రూపాయలు. ఎకరానికి రెండు టన్నులు పట్టే చెరువులో మొదటి పద్ధతిలో 12,800 మిగిలితే, రెండో పద్ధతిలో 54,000 మిగులుతుంది.

ఇంకో వైపు నుంచి చూడండి. పక్క ఊళ్లో కిలో 80కే మేత దొరుకుతోందని తెచ్చారు. దానితో ఎఫ్‌సీఆర్ 1.9కి పోయింది. 80ని 1.9తో గుణిస్తే 152. చౌక మేత తెచ్చి కిలోకి 8 రూపాయలు ఎక్కువ పెట్టినట్టయింది. బస్తా మీద ఉన్న అంకె చూసి సంతోషపడితే ఇలాగే ఉంటుంది.

చేపల్లో కూడా అంతే. రెండు పాళ్లు నూనె తీసిన తవుడు, ఒక పాలు వేరుశనగ చెక్క కలిపిన మేత కిలో 24 పడిందనుకుందాం. మూడు కిలోలు వేస్తే కిలో చేప వస్తే 72 రూపాయలు. తేలే గుళికల మేత కిలో 42, అది 1.6 కిలోలు చాలింది అనుకుంటే 67. పైకి 24కీ 42కీ ఎంతో తేడా ఉన్నట్టు కనిపిస్తుంది, చేప దగ్గరికి వచ్చేసరికి ఖరీదైన మేతే చౌకైంది. అదే సొంత మేతని జాగ్రత్తగా వేసి మూడు బదులు రెండున్నర కిలోలకి తెచ్చారనుకోండి, 60 రూపాయలే. అప్పుడు సొంత మేత గెలిచింది. "ఏ మేత మంచిదండీ?" అని ఫోన్ చేసి అడిగేవాళ్లకి నా జవాబు ఇదే. మీ చెరువులో మీ మనిషి ఎలా వేస్తున్నాడో తెలియకుండా ఎవరూ చెప్పలేరు.

మేత పోయేది ఎక్కడ?

రొయ్య తిన్న మేత అంతా కండ అవ్వదు. మేతలో ఉన్న నత్రజనిలో దాదాపు నాలుగో వంతే దాని ఒంటికి పడుతుంది. మిగతా మూడొంతులు నీళ్లలోకి, అడుగు బురదలోకి పోతుంది. బాగా చేసిన చెరువులోనే ఇది. ఇక తినకుండా మిగిలిన మేత సంగతి చెప్పక్కర్లేదు. అడుగు నల్లబడుతుంది, వాసన వస్తుంది, అమ్మోనియా పెరుగుతుంది. అప్పుడు జియోలైట్ కొంటాం, ప్రోబయోటిక్ కొంటాం, ఏరియేటర్లు ఇంకో రెండు గంటలు తిప్పుతాం. వృథా చెయ్యడానికి ఒకసారి డబ్బు కట్టి, దాన్ని శుభ్రం చెయ్యడానికి రెండోసారి కడుతున్నాం. మేత ఖర్చు తగ్గితే మందుల ఖర్చు కూడా తగ్గేది అందుకే.

ఈ వృథాని ఆపే పనిముట్టు మన దగ్గరే ఉంది, చెక్ ట్రే. ఆ పూట వేసే మేతలో వందకి రెండు పాళ్లు ట్రేల్లో వేసి, గంటన్నర రెండు గంటలకి లేపి చూడాలి. పూర్తిగా ఖాళీ అయితే తర్వాతి పూట కొంచెం పెంచొచ్చు. కొద్దిగా మిగిలితే అలాగే ఉంచాలి. బాగా మిగిలితే తగ్గించాలి, లేదా ఒక పూట మానెయ్యాలి. ట్రే లేపినప్పుడు మేత ఒక్కటే కాదు, రొయ్య పేగు నిండుగా ఉందా, రెట్ట ఏ రంగులో ఉంది, పెంకు మెత్తగా ఉందా అన్నీ కనపడతాయి.

ఇది తెలియని రైతు లేడు. మరి ఎందుకు జరగట్లేదు? ట్రే లేపేది మనం కాదు కాబట్టి. గట్టు మీద నెల జీతానికి ఉన్న మనిషి లేపుతాడు. లక్షల రూపాయల మేత అతని చేతి మీదుగా పోతుంది, కానీ ఎందుకు తగ్గించాలో అతనికి ఎవరూ చెప్పరు. బస్తాలు మిగిలితే ఓనర్ తిడతాడేమో అని అతని భయం. మధ్యాహ్నం ఎండలో నాలుగు ట్రేలు లేపే ఓపిక లేక గట్టు మీద నుంచే "క్లియర్ అన్నా" అనేస్తాడు. మనం ఫోన్‌లో సరే అనేస్తాం. నన్నడిగితే మేత ఖర్చు తగ్గించడానికి పెట్టే మొదటి రూపాయి ఆ మనిషి మీద పెట్టాలి. చార్టు అతనికి వివరించి చెప్పండి. పట్టుబడిలో ఎఫ్‌సీఆర్ అనుకున్నదానికంటే తగ్గితే మిగిలిన డబ్బులో అతనికి కొంత ఇస్తానని మాట ఇవ్వండి, ఇచ్చి తీరండి. ఏ ప్రోబయోటిక్ డబ్బా ఇంత పని చెయ్యదు.

మేత ఎప్పుడు వెయ్యకూడదో తెలుసుకోవడం ఇంకో సగం. నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల కంటే దిగితే రొయ్యకీ చేపకీ మేత మీద ఆసక్తి తగ్గుతుంది. కాబట్టి చీకటి ఉండగానే మేత చల్లేసి మనిషిని ఇంకో పనికి పంపే అలవాటు మానండి, ఎండ పడ్డాక వెయ్యండి. రెండు మూడు రోజులు మబ్బు పట్టినా, వాన పడినా మేత తగ్గించండి. వనామికి 28 నుంచి 32 డిగ్రీల నీళ్లు హాయిగా ఉంటాయి. పుష్యమాసం చలిలో ఉదయం పూట అది పెద్దగా తినదు. అమావాస్య, పౌర్ణమి దగ్గర పెంకు వదలడం ఎక్కువగా ఉంటుందని మన రైతులందరికీ అనుభవమే. ఆ రోజుల్లో రొయ్య తినదు, మేత మాత్రం చార్టు ప్రకారం పడుతూనే ఉంటుంది. చార్టు కంపెనీ ఆఫీసులో తయారైంది. మన చెరువు మీద మబ్బు పట్టిందని దానికి తెలియదు.

చెరువే పెట్టే మేత

ప్రకృతి వ్యవసాయం చేసే మనందరికీ ఒక సూత్రం తెలుసు: మొక్కకి కాదు, నేలకి తిండి పెట్టు. చెరువులో ఆ నేల స్థానంలో ఉండేది నీరు, అడుగు మట్టి. నీళ్లలో పుట్టే ప్లాంక్టన్, అడుగున పాకే చిన్న చిన్న పురుగులు, కర్రలకి పట్టే నాచు, ఇవన్నీ మనం డబ్బు పెట్టి కొనని మేత.

చేపల్లో దీని విలువ ఎక్కువ. బొచ్చె పైపొరలో సన్నటి ప్లాంక్టన్ జీవుల్ని వడకట్టి తింటుంది. శీలావతి మధ్యపొరలో తిరుగుతూ మొక్క పదార్థం, నాచు తింటుంది. మోసు అడుగున కుళ్లిన పదార్థం తింటుంది. ముగ్గురు మనుషులకి మూడు వేరు వేరు కంచాలు అన్నమాట. కానీ కొల్లేరు చుట్టుపక్కల మార్కెట్‌లో గిరాకీ చూసి ఎక్కువ భాగం శీలావతి, కొద్దిగా బొచ్చె వేస్తున్నాం. మార్కెట్ మాట వినాల్సిందే, కాదనను. కానీ ఒక కంచం ముందే అందరినీ కూర్చోబెట్టి, మిగతా కంచాలు ఖాళీగా వదిలేసి, ఆ ఖాళీని తవుడు బస్తాలతో నింపుతున్నామని మాత్రం గుర్తుంచుకోవాలి.

నీళ్లలో ప్లాంక్టన్ ఎంత ఉందో చూడటానికి మీటరు అక్కర్లేదు. చెయ్యి నీళ్లలోకి నిలువుగా దించండి. మోచెయ్యి మునిగే సమయానికి అరచెయ్యి మసకబారి కనపడకుండా పోతే నీళ్లు సరిపడా ఉన్నట్టు. ముంజేతి సగంలోనే అరచెయ్యి మాయమైతే ప్లాంక్టన్ మితిమీరింది, అప్పుడు మేత తగ్గించి తెల్లవారుజామున చెరువు మీద కన్నేసి ఉంచాలి. మోచెయ్యి దాటినా అరచెయ్యి స్పష్టంగా కనిపిస్తే చెరువు ఆకలితో ఉంది.

కర్రలకి పట్టే నాచు సంగతి మనం ఇంకా పట్టించుకోలేదు. బంగ్లాదేశ్‌లో నదుల్లో కొమ్మలు పాతి చేపల్ని చేరదీసే 'కఠా' పద్ధతి ఉంది. పశ్చిమ ఆఫ్రికాలో బెనిన్ దేశంలో దాన్నే 'అకాజా' అంటారు. దాన్ని చూసి చెరువుల్లో వెదురు కర్రలు పాతి చేసిన పరిశోధనల్లో శీలావతి లాంటి చేప ఆ నాచు గీక్కుని తిని బాగా పెరిగింది. మనకి పాత వెదురు ఉంటే చిన్న చెరువులో ఒక మూల వేసి చూడొచ్చు. పట్టుబడికి వల లాగేటప్పుడు కర్రలు పీకాలి, ఆ కూలీ కూడా లెక్కలో వేసుకోండి.

వనామికి కూడా మొదటి నెలలో చెరువు మేతే ప్రాణం. థాయిలాండ్ రైతుల నుంచి వచ్చిన తవుడు పులియబెట్టే పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. తవుడుకి ఐదు నుంచి పది రెట్లు నీళ్లు పోసి, ప్రోబయోటిక్ కలిపి, గాలి కొడుతూ ఒక రోజు నానబెట్టి, సీడు వెయ్యక ముందు నుంచే కొద్ది కొద్దిగా చెరువులో పోస్తారు. దాని మీద సన్నటి నీటి పురుగులు పెరుగుతాయి. పిల్ల రొయ్యకి అవి అమ్మ పాల లాంటివి. చెన్నైలోని సీబా సంస్థ చేపల కోత వ్యర్థాల నుంచి తయారు చేసిన 'ప్లాంక్టన్ ప్లస్' ఉద్దేశం కూడా ఇలాంటిదే, నీళ్లలో సహజ మేత పెంచడం. ఆ సంస్థే దేశీ ముడిసరుకుతో 'వనామీ ప్లస్' అనే మేత కూడా తయారు చేసింది. ఇలాంటి పరిజ్ఞానం తీసుకుని రైతు సంఘాలు సొంత మిల్లులు పెట్టుకునే రోజు రావాలని నా కోరిక.

జీవామృతం పొయ్యొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. చేపల చెరువులో పేడ ఎరువు మన తాతల నాటి నుంచి ఉన్నదే. కొద్ది కొద్దిగా, ఆక్సిజన్ చూసుకుంటూ వాడితే ప్లాంక్టన్ లేస్తుంది. రొయ్యల చెరువులో మాత్రం పచ్చి పేడ వద్దు. అది కుళ్లేటప్పుడు ఆక్సిజన్ లాగేస్తుంది, చెడు బ్యాక్టీరియా తెస్తుంది. మన రొయ్య విదేశాలకి పోయే సరుకు, అక్కడ ల్యాబ్‌లో పరీక్ష చేస్తారు. పొలంలో పని చేసిందల్లా చెరువులో చెయ్యాలని రూలు లేదు. ప్రకృతి వ్యవసాయం మీద ప్రేమ ఉన్నవాడిగానే ఈ మాట చెప్తున్నా.

సొంత మేత ఎవరికి, ఎంత?

చేపల రైతుకి సొంత మేత ఇప్పటికీ మంచి దారి. నూనె తీసిన తవుడులో ప్రొటీన్ సుమారు 15 శాతం, మంచి వేరుశనగ చెక్కలో సుమారు 42 శాతం. రెండు పాళ్ల తవుడు, ఒక పాలు చెక్క కలిపితే 15, 15, 42 కూడి మూడుతో భాగించండి, 24 శాతం. పెరిగే శీలావతి, బొచ్చెలకి ఇది చాలు. ఉప్పు, ఖనిజ మిశ్రమం కొద్దిగా కలపాలి. బూజు పట్టిన వేరుశనగ చెక్క ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు, అందులో అఫ్లాటాక్సిన్ విషం ఉంటుంది. పత్తి చెక్కలో గాసిపాల్ ఉంటుంది కాబట్టి అదే ప్రధాన మేత కాకూడదు.

చిల్లుల బస్తాలు కర్రలకి కట్టి మేత పెట్టే పద్ధతి మన రైతులే కనిపెట్టింది. దాని గొప్పతనం ఏంటంటే, చేప తన ఆకలిని బట్టి లాక్కుని తింటుంది, సాయంత్రానికి బస్తాలో ఎంత మిగిలిందో మనకి కనపడుతుంది. అదే మన చేపల చెక్ ట్రే. మిగిలినదాన్ని తూచకుండా దాని మీదే కొత్త మేత పోసేస్తే ఆ గొప్పతనం పోయినట్టే.

ఇంకో మంచి కిటుకు ఉంది, చాలామందికి తెలియదు. రోజూ ఒకే ప్రొటీన్ మేత పెట్టక్కర్లేదు. కొన్ని రోజులు ఎక్కువ ప్రొటీన్ మేత, మధ్యలో కొన్ని రోజులు తక్కువ ప్రొటీన్ మేత మార్చి మార్చి పెడితే కార్ప్ చేపలు దాదాపు అంతే పెరుగుతాయని డాక్టర్ ఎం.సి. నందీశ గారు, ఆయన తోటి శాస్త్రవేత్తలు 1990ల్లోనే ప్రయోగాలు చేసి చూపించారు. అంటే రెండు రోజులు తవుడు, చెక్క, మూడో రోజు ఒట్టి తవుడు పెట్టి చూడొచ్చు. ఒక చెరువులో చేసి, పక్క చెరువులో మామూలుగా పెట్టి, పదిహేను రోజులకోసారి విసురు వల వేసి తూకం చూడండి. మీ కళ్లతో చూశాకే మిగతా చెరువులకి మార్చండి.

వనామికి మాత్రం ఇంట్లో కలిపిన మేత వద్దనే చెప్తా. దానికి 35 శాతం దాకా ప్రొటీన్ కావాలి, గుళిక నీళ్లలో కరగకుండా నిలవాలి. రొయ్య నెమ్మదిగా కొరుక్కుని తింటుంది, ఈలోపు మన ఇంటి మేత నీళ్ల పాలవుతుంది. అక్కడ పొదుపు మేత తయారీలో కాదు, మేత వెయ్యడంలో ఉంది.

అద్భుతాల వీడియోల గురించి

"మేత లేకుండానే రొయ్యలు, లక్షల్లో లాభం" అనే వీడియోలు చూస్తున్నాం. మేత లేకుండా పెంచడం అబద్ధం కాదు. కేరళలో పొక్కాలి చేలల్లో వరి కోశాక ఉప్పునీళ్లు వదిలి, ఆ దుబ్బుల మీద పెరిగే సహజ మేతతోనే రొయ్యలు తీస్తారు. కోల్‌కతా తూర్పు చిత్తడి నేలల్లో నగరం మురుగునీటితో పెరిగే ప్లాంక్టన్ మీదే చేపలు పెంచుతున్నారు. కానీ అక్కడ పిల్ల తక్కువ, దిగుబడి తక్కువ, ఖర్చు కూడా తక్కువ. మనం లీజుకి లక్షలు పోసి, చదరపు మీటరుకి యాభై అరవై పిల్లలు వేసి, పొక్కాలి లాగా మేత లేకుండా పెంచుతాం అంటే కుదరదు. రెండు దారుల్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. నా ఓటు పిల్లల్ని తగ్గించే దారికే. నిబంధనల ప్రకారం చదరపు మీటరుకి 60 దాకా వెయ్యొచ్చు. 25 వేస్తే ఎకరానికి లక్ష. పిల్ల తగ్గేకొద్దీ ఒక్కో రొయ్యకి చెరువు మేత వాటా పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది, రోగం వచ్చినా పోయేది తగ్గుతుంది.

అజొల్లా మంచిదే, కానీ అందులో 90 శాతానికి పైగా నీళ్లే. వంద కిలోల పచ్చి అజొల్లా ఎండబెడితే ఆరేడు కిలోలు మిగులుతుంది. గడ్డిచేపకి పెట్టండి, లాభం. వనామి మేతకి అదే ప్రత్యామ్నాయం అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. బీఎస్ఎఫ్ పురుగుల్లో ప్రొటీన్ బాగా ఉంటుంది. దగ్గర్లో కూరగాయల మార్కెట్ వ్యర్థాలు రోజూ దొరికేవాళ్లకి అది మంచి ఉపాధి. చెత్త దూరం నుంచి లారీలో తేవాల్సి వస్తే లెక్క తప్పుతుంది.

ఇక చౌక పేరుతో కోడి వ్యర్థాలు వేసేవాళ్ల గురించి. ప్రభుత్వం నిషేధించింది, అయినా రాత్రిపూట బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. అది మేత ఖర్చు తగ్గించడం కాదు. తినేవాళ్ల ఆరోగ్యం మీద, పక్క చెరువు రైతు పేరు మీద ఆ ఖర్చు తోసెయ్యడం. ఒక్క చెరువు వాసన వచ్చినా జిల్లా చేప మొత్తానికి చెడ్డ పేరు వస్తుంది.

అప్పు మేత అసలు రేటు

దీని గురించి బయట ఎవరూ మాట్లాడరు. మనలో ఎక్కువమంది మేత నగదుకి కొనం. డీలర్ దగ్గర ఖాతా, పట్టుబడి అయ్యాక చెల్లింపు. నగదు రేటుకీ అప్పు రేటుకీ కిలోకి 6 రూపాయలు తేడా అనుకుందాం. రెండు టన్నుల రొయ్యకి 1.4 లెక్కన 2,800 కిలోల మేత. తేడా 16,800. అంతటితో అయిపోతే పర్వాలేదు. అప్పు ఇచ్చినవాళ్లు చెప్పిన కొనుగోలుదారుకే సరుకు ఇవ్వాల్సి వచ్చి, కిలోకి 10 రూపాయలు తక్కువ పడితే ఇంకో 20,000. మొత్తం 36,800. మేత బస్తా మీద ఈ రేటు రాసి ఉండదు.

డీలర్లందరూ దొంగలని నేను అనను. బ్యాంకు గడప ఎక్కనివ్వని కౌలు రైతుకి అప్పు ఇచ్చేది వాళ్లే. కానీ మార్గం మారాలి. పది మంది కలిసి లారీ మేత నగదుకి తెచ్చుకుంటే రేటులో బేరం ఆడొచ్చు. అందరికీ పూర్తిగా నగదు కుదరకపోయినా, చివరి నెల మేత ఒక్కటైనా నగదుకి కొనండి. పంట మొత్తంలో ఎక్కువ మేత పడేది ఆ నెలలోనే. ఇక ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒకటుంది. 2020లో మన రాష్ట్రంలో చేపల మేత నాణ్యత నియంత్రణ చట్టం వచ్చింది. బస్తా మీద రాసిన ప్రొటీన్ లోపల ఉందా లేదా అని రైతు శాంపిల్ ఇస్తే త్వరగా ఫలితం చెప్పే ల్యాబ్‌లు మండలాలకి దగ్గరగా ఉండాలి. కౌలు రైతుకి మేత కోసం బ్యాంకు రుణం అందాలి. రేటు తగ్గించమనే డిమాండ్ పక్కనే ఈ రెండూ పెట్టాలి.

ఆపడం కూడా మేత పొదుపే

ఆఖరి లెక్క. ఈహెచ్‌పీ ఉన్న చెరువులో రొయ్య మేత తింటుంది, పెరగదు. రైతు మాత్రం "ఇంకో వారం చూద్దాం, కౌంట్ వస్తుంది" అని లాగుతాడు.

ఎకరం చెరువులో 80,000 రొయ్యలు, ఒక్కోటి 20 గ్రాములు, అంటే 50 కౌంట్, 1,600 కిలోలు ఉన్నాయనుకోండి. రోజుకి 32 కిలోల మేత, వారానికి 224 కిలోలు, 90 రూపాయల లెక్కన 20,160. కిలో రొయ్య 300 అనుకుందాం. వారంలో రెండు గ్రాములు పెరిగితే 160 కిలోలు పెరిగినట్టు, 48,000. బాగుంది, ఉంచండి. ఒక్క గ్రామే పెరిగితే 80 కిలోలు, 24,000. మేత పోగా మిగిలింది 3,840. అందులోంచే కరెంటు, జీతం, మందులు, ఆ వారం చనిపోయిన రొయ్యలు. కౌంట్ మారితే రేటు కొంచెం పెరుగుతుంది, అదీ కలపండి. అయినా లెక్క అటూ ఇటూగా ఉంటే పట్టేయండి. ఆశ మీద వేసే మేత అన్నిటికంటే ఖరీదైన మేత. సీడు కొనేటప్పుడే ఈహెచ్‌పీకి పీసీఆర్ పరీక్ష చేయించుకుంటే ఈ పరిస్థితి చాలావరకు రాదు.

ఇదంతా చెయ్యడానికి కొత్త మిషను ఏదీ అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం చాలు. రోజూ వేసిన మేత, ట్రే ఫలితం, వారం తూకం, వారానికి పడిన మేత ఖర్చు, నాలుగు గడులు గీయండి. మన చెరువులో కిలో రొయ్యకి, కిలో చేపకి ఎంత మేత పడిందో పంట ముగిశాక కాదు, పంట మధ్యలోనే మనకి తెలిసి ఉండాలి. ఆ అంకె చేతిలో ఉన్న రైతు డీలర్‌తో మాట్లాడినా, బ్యాంకుతో మాట్లాడినా, ప్రభుత్వంతో మాట్లాడినా ఎదుటివాళ్లు వింటారు. అంకె లేకపోతే మన మాట ఒట్టి ఏడుపుగానే వినపడుతుంది.

ఈ పంటలో ఒక్క చెరువుకైనా ఈ పుస్తకం మొదలుపెట్టండి. మీ ఎఫ్‌సీఆర్ ఎంత వచ్చిందో, నా లెక్కల్లో ఎక్కడ మీతో తేడా పడిందో రాయండి. తర్వాతి వీడియోలో ఆ లెక్కలు గట్టు మీదే కూర్చుని మాట్లాడుకుందాం.

ఉంటాను. జై కిసాన్.